మల్లయ్యలు ఐదుగురు, సాఫ్ట్‌వేర్ ఒకటి

నల్లగొండ జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. ఊరూ పేరూ వద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

మామగారిది ముప్పై రెండేళ్ల నాటి ఫర్టిలైజర్ షాపు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్ముతారు. అమ్మకంలో సగానికి పైగా ఉద్దెరే. వానాకాలం మొదట్లో సరుకు తీసుకెళ్లిన రైతు పత్తి అమ్మాకనో, వడ్లు కాంటా అయ్యాకనో వచ్చి కడతాడు. ఆ లెక్కంతా మామగారి చేతిరాతలో, ఊరికొకటి చొప్పున పదకొండు పుస్తకాల్లో ఉంది. మూడేళ్ల కింద ఆమె భర్త 85 వేలు పెట్టి ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. నాలుగు నెలలు నడిచింది. జూన్ రద్దీలో ఒక్కో బిల్లుకు ఐదు నిమిషాలు పడుతుంటే బయట రైతులు కేకలేశారు. చివరికి మామగారు కంప్యూటర్‌ను పక్కకు జరిపి మళ్లీ పుస్తకం తీశారు. ఇప్పుడు దాని మీద జింక్ సల్ఫేట్ ప్యాకెట్లు పెడుతున్నారట.

నిరుడు పక్క మండలంలో రెండో షాపు తెరిచారు. భర్త అక్కడ కూర్చుంటున్నారు. రెండు షాపుల స్టాకు ఎప్పుడూ కలవదు. గోదాములో మూలన పడ్డ నలభై మందు సీసాల డేటు దాటిపోయి 31 వేలు నష్టం వచ్చింది. భర్తతో చదువుకున్న మిత్రుడొకరికి హైదరాబాద్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. 2 లక్షల 60 వేలకు చేసిస్తానన్నారు. సంక్రాంతి ఆఫర్ కింద ఈ నెలాఖరులోపు సగం అడ్వాన్స్ ఇస్తే తగ్గింపు కూడా ఉందట. ఏం అడిగినా ఆయన మాట ఒకటే: “అన్నీ వస్తాయి.” మామగారి మాటా ఒకటే: “నేనున్నన్ని రోజులు పుస్తకమే.” ఆమె బీకాం చదివారు. పగలు పిల్లలు, వంట. రాత్రి ఆడిటర్‌కు పంపాల్సిన జీఎస్టీ కాగితాలు. భర్త “నాన్నకు నువ్వే చెప్పు” అంటారు. మామగారు “బిడ్డా, వానికి నువ్వన్న చెప్పు” అంటారు. చివర్లో ఆమె అడిగినవి రెండు: ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? మామయ్యను ఎట్లా ఒప్పించాలి?

అమ్మా, ఏది మంచిదో నేను చెప్పలేను. ఆ మిత్రుడూ ఇప్పుడే చెప్పలేరు. మీ షాపు ఎట్లా నడుస్తుందో ఆయనకు తెలియదు, ఇప్పటిదాకా ఎవరూ కాగితం మీద పెట్టి ఆయన చేతికివ్వలేదు. అడగకుండానే “అన్నీ వస్తాయి” అనేవారిని చూస్తే నాకు కొంచెం భయం. ‘అన్నీ’ అంటే ఏవేవి అని మీరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

మీ ఉత్తరం మూడో పేజీలో అడుగున, నాలుగు లైన్లలో ఒక విషయం రాసి వదిలేశారు. మీ ఖాతాల్లో మల్లయ్యలు ఐదుగురున్నారు. వాళ్లలో ఇద్దరికి తండ్రి పేరు కూడా ఒకటే. మామగారు పుస్తకంలో ‘బోరు మల్లయ్య’, ‘మేకల మల్లయ్య’ అని రాసుకుంటారు. పాత సాఫ్ట్‌వేర్ పేరు, సెల్ నంబరు అడిగింది. ఇద్దరూ నంబర్లు ఇవ్వలేదు. మేకల మల్లయ్య డీఏపీ బస్తాలు బోరు మల్లయ్య బాకీలో పడ్డాయి. నాలుగు నెలల తర్వాత కట్టడానికి వచ్చిన మనిషి “నేను తీస్కపోని బస్తాలకు నేనెట్ల కడత?” అని నలుగురి ముందు అడిగాడు.

నా దృష్టిలో పాత సాఫ్ట్‌వేర్ ఆ రోజే ఓడిపోయింది. ముప్పై రెండేళ్లలో మామగారిని ఒకరు అట్లా అడగడం అదే మొదటిసారి అని మీరే రాశారు. ఆయన కంప్యూటర్‌కు భయపడి పక్కకు జరిపి ఉండరు. ఉద్దెర వ్యాపారంలో ఆ నమ్మకం పోతే ఇంకేం మిగలదని ఆయనకు తెలుసు. పోగొట్టింది మిషనే అని ఆయన లెక్క. నిజానికి తప్పు అంతకు ముందే జరిగింది. కొనేముందు ఎవరో ఒకరు “మామయ్యా, ఒకే పేరున్నోళ్లను మీరెట్ల గుర్తుపడతరు?” అని అడిగి ఉండాల్సింది.

కాబట్టి ఆయన్ను ఒప్పించే పని కొన్నాళ్లు పక్కన పెట్టండి. అడిగే పని మొదలుపెట్టండి. ఒప్పించబోతే ఆయన గోడ కడతారు. అడిగితే, నా అనుభవంలో, ఆ వయసు వ్యాపారి గంటసేపు ఆపకుండా చెబుతారు.

నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కింద మహబూబ్‌నగర్ వైపు ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూసేవాణ్ణి. కాంటాకు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించాం. కొనేముందు మీటింగులో యజమాని, ఆడిటర్, నేను కూర్చున్నాం. కాంటా దగ్గర రాత్రంతా ఉండే మనిషిని పిలవలేదు. వాహనం నంబరు కొట్టందే తూకం తీసుకోకుండా చేయమని అడిగింది నేనే. దొంగతనం ఆగుతుందని నా తెలివి. పత్తి వచ్చేది ట్రాక్టర్ ట్రాలీల్లో. సగం ట్రాలీలకు నంబరే ఉండదు. రాత్రి రెండింటికి యాభై బండ్లు లైన్లో ఉంటే ఆయనేం చేస్తాడు? 1111 కొట్టాడు. సీజన్ అయ్యాక చూస్తే మిల్లుకు వచ్చిన పత్తిలో పెద్ద భాగం ఒకే బండి మోసుకొచ్చినట్టు రిపోర్టు. సాఫ్ట్‌వేర్ మేం అడిగినట్టే చేసింది. మేమే తప్పు అడిగాం.

అందుకే మీరు మొదట చేయాల్సింది రూపాయి ఖర్చు లేని పని. ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనుక్కోండి. సరే, అదొక్కటే ఖర్చు. మూడు వస్తువులను లారీ దిగిన దగ్గర్నుంచి డబ్బు చేతికొచ్చేదాకా వెంబడించి, మధ్యలో ఎవరేం చేస్తున్నారో రాయండి. ఒక యూరియా బస్తా, ఒక పురుగుమందు సీసా, ఒక పత్తి విత్తనాల ప్యాకెట్. మూడూ మూడు దారుల్లో పోతాయని మీకే కనిపిస్తుంది.

యూరియా బస్తా 45 కిలోలు, 266 రూపాయల 50 పైసలు. రైతు ఆధార్ చెప్పి వేలిముద్ర వేస్తే గానీ ఈ-పాస్ మిషన్‌లో అమ్మకం ఎక్కదు. 2018 నుంచి సబ్సిడీ ఎరువులన్నిటికీ ఇదే పద్ధతి. అంటే మీ గుమస్తా ఒక బస్తాకు ఇప్పటికే ఒకసారి మిషన్‌లో కొడుతున్నాడు, ఉద్దెరైతే మామగారు పుస్తకంలో ఇంకోసారి రాస్తున్నారు. పాత సాఫ్ట్‌వేర్ వచ్చాక అది మూడోసారి. ఐదు నిమిషాలు ఎక్కడ పోయాయో తెలిసిందా? ఆ మిత్రుణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మిషన్‌లో కొట్టింది మీ సాఫ్ట్‌వేర్‌లోకి ఏదైనా రూపంలో వస్తుందా, మళ్లీ కొట్టాలా, లేక నగదు అమ్మకాల వరకు రోజు చివర మొత్తం ఒకేసారి ఎక్కిస్తే చాలా? మూడింట్లో ఏదైనా పర్లేదు. “చూద్దాంలే” మాత్రం జవాబు కాదు. మిషన్ చూపే స్టాకు, గోదాములో ఉన్న స్టాకు తేడా వస్తే తనిఖీలో జవాబు చెప్పాల్సింది మీరు, ఆయన కాదు.

మందు సీసా కథ వేరు. దానికి బ్యాచ్ నంబరు, గడువు తేదీ ముఖ్యం. ఒకే మందు రెండు బ్యాచ్‌లలో ఉంటే ఏది ముందు అమ్మాలి? ఇప్పుడు గుమస్తా చేతికి ఏది అందితే అది ఇస్తున్నాడు. మీ నలభై సీసాలు అట్లా వెనక్కి పోయినవే. గడువు దాటిన వాటిని విడిగా పెట్టి, అమ్మకానికి కాదని రాసి ఉంచాలనీ నిబంధన ఉంది. ఏ కంపెనీ ఎన్ని నెలల ముందు చెబితే వాపసు తీసుకుంటుందో మామగారికి నోటికొచ్చు. కంపెనీ పేరు, నెలలు అని రెండు గళ్లు గీసి ఆయన చెబుతుంటే రాసుకోండి. ‘గడువు దగ్గరపడితే చెప్పాలి’ అని రాస్తే సరిపోదు. ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఆ గళ్లే చెబుతాయి.

విత్తనాల ప్యాకెట్ అన్నిటికంటే సున్నితం. మొలక రాకపోతే రైతు బిల్లు పట్టుకొని నేరుగా మీ దగ్గరికే వస్తాడు. వ్యవసాయాధికారి లాట్ నంబరు, అంటే ఆ ప్యాకెట్ ఏ విడత సరుకో చెప్పే నంబరు, అడుగుతారు. బిల్లు మీద అది లేకపోతే మీరు ఏ లాట్ అమ్మారో మీరే నిరూపించుకోలేరు. అది ‘ఉంటే బాగుంటుంది’ కాదు, ‘లేకపోతే కొనం’.

పన్ను సంగతి ఆడిటర్‌కు తెలిసిందే, ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. విత్తనాలకు జీఎస్టీ లేదు, ఎరువులకు 5 శాతం, రసాయన పురుగుమందులకు 18. ఒకే రైతు ఒకే బిల్లులో మూడూ తీసుకుంటాడు, మూడు రేట్లూ ఆ ఒక్క బిల్లులోనే సరిగ్గా పడాలి.

ఇక ఉద్దెర. అసలు చిక్కు ఇక్కడుంది, ఎక్కువ సేపు ఇక్కడే కూర్చోండి. లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుంది? మధ్యలో ఐదు వేలు తెచ్చి కడితే ముందు దేనికి జమ వేస్తారు? ఉద్దెర మీద అదనంగా ఎవరికి ఏమీ వేసుకోరు? ఆఖర్న పుస్తకం మూసేటప్పుడు మామగారు ఎంత వదిలేస్తారు, ఎవరికి, ఎందుకు? తండ్రి పోతే బాకీ ఏ కొడుకు పేరుకు మారుస్తారు? ఆయన ‘మనిషిని బట్టి’ అంటారు. అక్కడ ఆగకండి. పుస్తకం తెరిచి “ఈ పేజీలో మీరు ఎనిమిది వందలు ఎందుకు కొట్టేసిండ్రు మామయ్యా?” అని ఒక్కో పేజీ చూపించి అడగండి. ఇరవై పేజీలు అడిగేసరికి ‘మనిషిని బట్టి’ అన్నది నాలుగైదు పద్ధతులుగా తేలుతుంది. మిగిలింది నిజంగానే మనిషిని బట్టి. దాని కోసం సాఫ్ట్‌వేర్‌లో ఒక ఖాళీ గడి చాలు: వదిలేసిన మొత్తం, కారణం.

ఒక హెచ్చరిక. ఎరువును ఎమ్మార్పీ మించి అమ్మకూడదు, నగదైనా ఉద్దెరైనా. ‘ఉద్దెర ధర’ అని వేరే ధర పెట్టే సౌకర్యం కావాలని మీవాళ్లు అడిగితే, ఎరువుల వరకు ఆ మాట నోట్‌బుక్‌లోకి రానివ్వకండి. పుస్తకంలో ఉన్న అలవాటునల్లా కంప్యూటర్‌లోకి ఎక్కించాలని లేదు. ఉద్దెర మీద వేసుకునే అదనం సంగతి ఆడిటర్‌తో విడిగా మాట్లాడండి.

నోట్‌బుక్ నిండాక దాన్నుంచి రెండు పేజీల కాగితం తీయండి. మంచి వాక్యానికి గుర్తు ఏమిటంటే, పని అయ్యాక ‘అయింది’, ‘కాలేదు’ అని ఎవరైనా చూసి చెప్పగలగాలి. ‘బిల్లింగ్ ఫాస్ట్‌గా ఉండాలి’ అని రాస్తే ఆ మిత్రుడు ఫాస్టే అంటారు, మీరు కాదంటారు. ‘ఐదు రకాల సరుకున్న ఉద్దెర బిల్లును మన గుమస్తా ఒక నిమిషంలో తీయాలి, కరెంటు పోయినా నెట్ లేకపోయినా’ అని రాస్తే వాదన ఉండదు. ‘మల్లయ్య అని కొడితే ఐదుగురూ ఊరు, తండ్రి పేరు, పిలుపు పేరుతో కనిపించాలి’ అన్నది ఇంకోటి. అవి ఎట్లా చేయాలో రాయకండి, అది ఆయన పని. ఏం కావాలో మాత్రమే మీ పని. లేకపోతే కొననే కొనం అనేవి ఆరేడు దాటితే మళ్లీ చదివి కొట్టేయండి. పాతిక ఉంటే వాటికి విలువుండదు.

ఆ మిత్రుడు రెండు విషయాలు చెప్పి తొందరపెడుతున్నారని రాశారు. మార్పుల చరిత్ర దాచే ఆడిట్ ట్రయిల్ ఉన్న సాఫ్ట్‌వేర్ అందరికీ తప్పనిసరి అన్నారట. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నిబంధన కంపెనీల చట్టం కింద రిజిస్టరైన కంపెనీలకు. మీది మామగారి పేరున సొంత వ్యాపారం, ఆ భయం అక్కర్లేదు. ఈ-ఇన్‌వాయిస్, అంటే జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేయాల్సిన బిల్లు, దాని సంగతి మాత్రం చూసుకోండి. ఊళ్లలో నాలుగు చిన్న షాపులకు మీరే సరుకు వేస్తున్నారు కాబట్టి, ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిందా లేదా అని ఆడిటర్‌ను అడగండి. దాటితే ఆ బిల్లులకు అది కావాలి, మీ ఆరేడింటిలో ఒకటి అదే అవుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, ఏమీ కొనకుండా ఒక ఏడాది ఆగడం. నవ్వకండి, ఇదీ నిజమైన దారే. రెండు షాపుల స్టాకు, గడువు తేదీలు మీరే ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టి వారానికోసారి చూస్తే ఆ 31 వేల లాంటి నష్టంలో చాలా భాగం ఆగుతుంది. ఉద్దెర పుస్తకం జోలికే పోరు, మామగారికి కష్టం లేదు. కాకపోతే ఆ షీటు బరువు మీ నెత్తిన పడుతుంది. పైగా పదకొండు పుస్తకాలూ ఒక్క మనిషి చదవగలిగే చేతిరాతలోనే ఉండిపోతాయి. ఆయనకు అరవై ఎనిమిదేళ్లని మీరే రాశారు.

రెండోది, ఇప్పటికే ఎరువుల షాపుల్లో నడుస్తున్న రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ తీసుకోవడం. ధర తక్కువ, బ్యాచ్, లాట్, జీఎస్టీ లాంటివి చాలావాటిలో ముందే ఉంటాయి. ఉద్దెర లెక్క మాత్రం మీ పద్ధతిలో రాకపోవచ్చు. అప్పుడు కొంత మీరే దాని దారికి రావాలి. మామగారు ఎంతవరకు సర్దుకుంటారో నోట్‌బుక్ రాసేటప్పుడే తెలిసిపోతుంది. కొనేముందు దాన్ని వాడుతున్న షాపు ఒకటి చూసి రండి, జూన్‌లో ఫోన్ చేస్తే ఎత్తుతారా అని వాళ్లనే అడగండి.

మూడోది, మిత్రుడి చేతే చేయించుకోవడం. ఐదుగురు మల్లయ్యలూ, పదకొండు ఊళ్లూ సరిగ్గా మీ షాపుకు కుట్టినట్టు వస్తాయి. ఎవరో ఒక్కరి మీదే ఆధారపడతారు కూడా. ఆయన రేపు ఇంకో పెద్ద పని దొరికి వెళ్లిపోతే? ఈ దారి పడితే నాలుగు విషయాలు కాగితం మీద ఉండాలి. రెండు పేజీలూ ఒప్పందానికి జతచేయాలి. అడ్వాన్స్ సగం కాకుండా నాలుగో వంతుకు మించకూడదు, చివరి వంతు ఒక వానాకాలం రద్దీ దాటాకే. మీ ఖాతాలన్నీ ఎప్పుడు అడిగినా ఎక్సెల్‌లో పైసా తీసుకోకుండా ఇవ్వాలి. ఏటా మెయింటెనెన్స్ ఎంతో, అందులో ఏమేం వస్తాయో ఇప్పుడే చెప్పాలి. మిత్రుల మధ్య కాగితాలేంటని మీవారు మొహమాటపడతారు. మూడేళ్ల కింద నోటిమాటతో 85 వేలు పోయినప్పుడు ఆ అమ్మినాయన ముఖం మళ్లీ చూడాల్సిన అవసరం రాలేదు. ఈయన మాత్రం పెళ్లిళ్లలో, పండగల్లో ఎదురుపడే మనిషి. ఆ కాగితం ఆయన్ని కూడా కాపాడుతుందని మీవారికి చెప్పి చూడండి.

ఏ దారైనా సరే, డెమోకు రమ్మన్నప్పుడు ఆయన తెచ్చే శాంపిల్ లెక్కలు చూడకండి. నిరుడు మిరుగం (మృగశిర కార్తె) తర్వాత బాగా రద్దీగా ఉన్న ఒక రోజు చిట్టీలు మీ దగ్గర తీగకు గుచ్చి ఉంటాయి కదా. వాటిలోంచి ముప్పై తీయండి. ఇద్దరు మల్లయ్యలవి, సగం పెట్టె మందు తీసుకున్న చిట్టీ, తడిసిన బస్తా వాపసు తెచ్చిన చిట్టీ, కొంత నగదు కొంత ఉద్దెర అయినవి తప్పకుండా ఉండాలి. కీబోర్డు ముందు మీ గుమస్తా కూర్చోవాలి, అమ్మేవాళ్లు చేతులు కట్టుకొని వెనక నిలబడాలి. ఫోన్‌లో టైమ్ పెట్టండి. మధ్యలో ఒకసారి నెట్ తీసేయండి. మామగారికి కుర్చీ వేసి, ‘మీరేం మాట్లాడొద్దు, ఏడ తప్పు పోతదో చూడండి చాలు’ అనండి. తప్పు పట్టే పని అప్పగిస్తే ఆయన రాకుండా ఉండరు.

నెలాఖరు ఆఫర్ పోతే పోనివ్వండి. ఇంకో పండగకు ఇంకోటి వస్తుంది. ఇప్పుడు యాసంగి యూరియా రద్దీ, నోట్‌బుక్ పని రాత్రిపూట తప్ప జరగదు. మార్చి దాకా తీసుకోండి. మొదలుపెడితే ఏప్రిల్ 1న, కొత్త లెక్కల ఏడాదితో, అదీ ఒక్క షాపులో. ఏప్రిల్, మే నెలల్లో షాపు ఖాళీగా ఉంటుంది, తప్పులు చేయడానికి అంతకంటే మంచి కాలం లేదు. ఉద్దెర పుస్తకాన్ని మాత్రం మొదటి వానాకాలమంతా పక్కనే నడవనివ్వండి.

ఆ రెండు లెక్కలూ ఎవరు సరిచూస్తారు? మీరే అని అందరూ అనుకుంటారు, మీరూ అనుకుంటున్నారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. భర్తకు ఏం కావాలో ఉంది, మామగారికి ఏం కావాలో ఉంది, మీకేం కావాలో ఒక్క ముక్క లేదు. రాత్రి పదకొండింటికి చిట్టీలు ముందేసుకొని జీఎస్టీ కూడుతున్నది మీరు. నెల మొత్తం అమ్మకం పన్ను రేట్ల వారీగా ఒక్క నొక్కుతో రావాలన్నది రెండు పేజీల్లో మొదటి వాక్యంగా రాయండి. రోజూ ఇన్ని గంటలు షాపులో కూర్చొని ఈ పని చూస్తానని, ఆ వేళకు ఇంట్లో పిల్లల సంగతి ఎవరు చూడాలో కూడా ఇప్పుడే మీవారితో తేల్చుకోండి. సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడేది ఎవరు అన్నప్పుడు ఇద్దరూ మీ వైపే చూస్తారు. అప్పుడు దూత పని కాకుండా నిర్ణయం తీసుకునే పని అడగండి. కాగితం మీద మామగారి సంతకం, మీవారి సంతకం, మీదీ ఉండాలి.

ఇంకో సంగతి. బోరు మల్లయ్య ఖాతాలో తప్పుగా పడిన ఆ బస్తాల లెక్క చివరికి ఏమైందో మీరు రాయలేదు. తేలకపోయి ఉంటే, నోట్‌బుక్ కంటే ముందు ఆ పేజీ తెరవండి. మామగారి చేత్తోనే కొట్టేయించి, ఆయన్నే వెంటబెట్టుకొని ఆ ఊరు వెళ్లి మల్లయ్యకు చూపించి రండి.